సన్నాయి మేళం రికార్డు చేస్తున్నారా?

ఒంగోలు దగ్గరి కరవదిలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానా 1999లో కన్నుమూశారు. ఆయన నాదస్వరాన్ని ఇప్పటికీ వింటున్నామంటే రికార్డింగుల పుణ్యమే. మరి మన ఊరి గుడిలో, పెళ్లిపందిట్లో వాయించే విద్వాంసుల మాటేంటి? సన్నాయికి డోలు దెబ్బ తోడైతే ఫోన్ రికార్డింగ్ చాలాసార్లు బరబరలాడుతుంది. అలా చెడిన శబ్దాన్ని తర్వాత బాగుచేయడం కష్టం.

అందుకే రికార్డర్ కొనేటప్పుడు శబ్దం స్థాయిని మనమే తగ్గించుకునే వీలుందో లేదో చూడాలి. ఆ పని యంత్రానికే వదిలేస్తే డోలు మోగినప్పుడల్లా సన్నాయి కుంగిపోతుంది. ఎంపీ3 కన్నా 24 బిట్ వేవ్ ఫార్మాట్ మేలు. కచేరీకి ముందే మేళాన్ని గట్టిగా వాయించమని అడిగి, మీటరు మైనస్ 12 డెసిబెల్స్ దాటకుండా సర్దుకోవాలి. అదనపు బ్యాటరీలు మరవొద్దు. ఆ పూట వాయించిన రాగం మళ్లీ అలాగే రాదు కదా!