నేలలోని జిగురు, తోటలోని రాగి

తమలపాకు, నిమ్మ, ద్రాక్ష తోటలపై మనము చల్లు బోర్డో మిశ్రమమును 1885లో ఫ్రాన్సు దేశపు మిల్లార్డే పండితుడు లోకమునకు వెల్లడించెను. అందలి మైలుతుత్తమునుండి వచ్చు రాగి వానకు కడుగబడి నేలజేరును. రాగి క్రుళ్లునది కాదు, ఏటేట పేరుకొనును. అధికమైనచో వేళ్లకును, మేలుచేయు సూక్ష్మజీవులకును హాని కలుగును.

నేలయందలి బాక్టీరియాలు కొన్ని తమ చుట్టును జిగురు కవచమును కట్టుకొనును. 1901లో హాలండు దేశీయుడగు బైజెరింక్ వర్ణించిన అజటోబాక్టరు అట్టిదే. ఈ జిగురులోని ఆమ్ల భాగములకు ఋణ విద్యుత్తు కలదు. నీట కరగిన రాగి, కాల్షియము మున్నగు లోహములకు ధన విద్యుత్తు కలదు. కావున అవి జిగురునకు అంటుకొనును. వేళ్లకు జేరు రాగి కొంత తగ్గును.

ఇది విని, బాక్టీరియా పొట్లము వేసినచో దోషమంతయు పోవునని కొందరు తలంచుచున్నారు. మేము అంగీకరింపజాలము. జిగురు రాగిని పట్టియుంచునే గాని నాశము చేయదు. జిగురు చివికినను, నేలయందు ఆమ్లత హెచ్చినను రాగి మరల విడివడును. మఱియు తిండి లేనిదే ఆ జీవులు జిగురును చేయజాలవు. మాగిన పెంటయు, పచ్చిరొట్టయు వాని తిండి.

సోదర రైతులారా! మందును తగిన కాలమున, తగిన మోతాదుననే చల్లుడు. ఏటేట పెంట తోలుడు. 2015లో కేంద్ర ప్రభుత్వము ఆరంభించిన భూసార పరీక్షా పత్రమున రాగి లెక్కయు నుండును. సంఘములు పొట్లములమ్ముటతో తృప్తిపడక, ఆ లెక్కను ప్రతి సభ్యునకు చదివి వినిపింపవలెనని మా యభిప్రాయము.