పబ్బులో కుర్చీ ఖరీదు

మా నల్లమాడ వైపు వాళ్ళకి సిటీ అంటే హైదరాబాదు కాదు, బెంగుళూరు. కొత్తచెరువు మీదుగా పోయి పెనుకొండ దగ్గర 44వ నంబరు హైవే ఎక్కితే చాలు, కొడికొండ చెక్‌పోస్టు దాటగానే కర్ణాటక. హిందూపురం, ధర్మవరం వాళ్ళకైతే రైలుంది. ఇంటర్వ్యూకు పోయినా, ఆసుపత్రికి పోయినా, పెళ్ళికి పోయినా సాయంత్రానికి ఎవడో ఒక ఫ్రెండు "ఏమప్పా, పబ్బుకు పోదామా?" అంటాడు. పోతాం. బాగుంటుంది కూడా. ఈ చివరి ముక్క పైకి అనడానికే మనకి మొహమాటం!

నా మటుకు నాకు అందులో సిగ్గుపడాల్సిందేమీ కనపడదు. రెస్ట్ హౌస్ రోడ్డులో పీకోస్ 1989 నుంచి నడుస్తోంది. ఇందిరానగర్లో టాయిట్ 2010లో మొదలై, అక్కడికక్కడే కాచిన బీరు పోస్తోంది. ఇక విస్కీ అంటారా, బెంగుళూరు కంపెనీ అమృత్ తన సింగిల్ మాల్టును 2004లో ఏకంగా గ్లాస్గోలోనే విడుదల చేసింది. స్కాట్లాండులో పీపాలోంచి ఏడాదికి సుమారు రెండు శాతం ఆవిరైతే, బెంగుళూరు వేడికి పది శాతం పైనే పోతుంది. అందుకే ఇక్కడ విస్కీ తొందరగా పక్వానికొస్తుంది. 2010లో జిమ్ ముర్రే తన విస్కీ బైబిల్లో అమృత్ ఫ్యూజన్‌కి ప్రపంచంలో మూడో స్థానం ఇచ్చాడు. ఒక పెగ్గు ముందు పెట్టుకుని ఇలాంటివి మాట్లాడుకోవడం మంచి కాలక్షేపమే.

అసలు విషయానికొస్తే, పబ్బులో మనం డబ్బు పోసి కొంటున్నది మందు ఒక్కటే కాదు. కూర్చోడానికి కుర్చీ, తినడానికి తిండి, మంచినీళ్ళు, శుభ్రమైన బాత్రూము, తొందర లేని రెండు గంటలు. పక్క టేబుల్ దగ్గర ఆడపిల్లలు కూడా ఉంటారు కాబట్టి నోరు కాస్త అదుపులో ఉంటుంది. పెగ్గు కొలిచి పోస్తారు. అయిపోయాక క్యాబ్ ఎక్కుతాం. మనం "పద్ధతిగా తాగేవాళ్ళం" కావడానికి సగం కారణం మన సంస్కారం కాదండీ, ఈ ఏర్పాట్లే.

ఇప్పుడు ఊళ్ళో చూడండి. 2019 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో మద్యం షాపులు ప్రభుత్వం చేతికొచ్చాయి, పర్మిట్ రూములు ఎత్తేశారు. 2020 మేలో ధరలు మొత్తం మీద 75 శాతం పెరిగాయి. తాగేవాడు మానేశాడా? లేదు. క్వార్టరు జేబులో పెట్టుకుని చెరువు కట్ట మీదికో, చేను గట్టుకో పోయాడు. ఎవరైనా చూస్తారని గబగబా నీళ్ళు కలిపి రెండు గుక్కల్లో దించేశాడు. 2024 అక్టోబరులో షాపులు మళ్ళీ ప్రైవేటు వాళ్ళకి ఇచ్చారు, 99 రూపాయల క్వార్టరు వచ్చింది, 2025లో పర్మిట్ రూములకీ మళ్ళీ అనుమతిచ్చారు. అయినా దాక్కుని తాగే అలవాటు జీవోతో పోయేది కాదు. పైగా అతను తాగేది ఎక్కువగా చెరకు మడ్డి నుంచి తీసిన స్పిరిట్‌తో చేసిన సరుకు. యూరపులో దాన్ని విస్కీ అని అమ్మనివ్వరు. ధరలో మాత్రం పెద్ద భాగం పన్నే. అంటే ఖజానాకి కూలీ కట్టేవాడే, తిట్లు తినేవాడూ వాడే.

మనవాళ్ళేమో శనివారం పబ్బులో నాలుగువేల బిల్లు కట్టి, సోమవారం ఆఫీసు క్యాంటీన్లో "ఈ జనం పథకాల డబ్బులన్నీ తాగి తగలేస్తారు" అని ఉపన్యాసం ఇస్తారు. నాకు ఒళ్ళు మండేది అక్కడే.

"మరి దూబగుంట ఆడవాళ్ళు చేసింది తప్పా?" అని మీరడగొచ్చు. కానే కాదు. 1992లో నెల్లూరు జిల్లాలో వాళ్ళు సారాకి ఎదురు తిరిగితేనే 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. ఇంట్లో బియ్యం లేకుండా కూలి డబ్బులు సారా కొట్టుకు పోతుంటే, దెబ్బలు తిన్నవాళ్ళు ఊరుకోవాలా? వాళ్ళకి ఆ హక్కుంది. దాని తర్వాత 1995లో వచ్చిన సంపూర్ణ మద్య నిషేధం మాత్రం 1997లోనే పోయింది, ఆ మధ్యలో పక్క రాష్ట్రాల సరుకు వస్తూనే ఉండింది. కోపం న్యాయమైనదే, కానీ తలుపు మూసినంత మాత్రాన తాగుడు ఆగదు అని అప్పుడే తేలింది.

నేననేది ఇంతే. సరదాగా తాగేవాళ్ళు సరదాగానే తాగండి, దాచుకోకండి, బండి మాత్రం తోలకండి. హైవే మీద తిరుగు ప్రయాణం మర్నాడు పెట్టుకుంటే కొంప మునగదు. ఊళ్ళో తాగేవాడికి నీతులు చెప్పే ముందు అతనికి కూర్చునే చోటు, కాస్త తిండి, చేతులు కడుక్కునే నీళ్ళు, తాగుడు ముదిరితే దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రిలో మాన్పించే డాక్టరు, ఇవి అడగండి. ఆ పన్నులో కొంత వాటికి ఖర్చు పెట్టమనండి. ఇంట్లో వాళ్ళని కొట్టేవాడి మీద కేసు పెట్టండి, అది పబ్బులో తాగినా, గట్టు మీద తాగినా సరే.

మనకీ అతనికీ తేడా గ్లాసులో ఉన్నదానికంటే కుర్చీలోనే ఎక్కువుంది. ఆ కుర్చీ ఖరీదు మన జీతం కడుతోంది. దాన్ని మన గుణమనుకోవడమే నాకు నచ్చదు.