మిస్డ్ కాల్ వినతిపత్రం కాదు

ఉమ్మడి పౌరస్మృతిపై అభిప్రాయాలు తెలుపవలసిందిగా 22వ లా కమిషన్ 2023 జూన్ 14న ప్రజలను కోరింది. మొదట ముప్పై రోజుల గడువిచ్చి, పిదప దానిని జూలై 28 వరకు పొడిగించింది. ఆ రోజులలో కరణ్‌కోటలోని మా వీధి వాట్సాప్ బృందంలో తరచు ఏదో ఒక ఫోన్ నంబరు ప్రత్యక్షమయ్యేది. షరీఅత్‌ను కాపాడుకోవాలంటే తక్షణం మిస్డ్ కాల్ ఇవ్వండి, పదిమందికి పంపండి అన్నది దాని సారాంశం. ఆ సందేశాన్ని పుట్టించినదెవరో తెలియదు. మోసుకొచ్చినవారు మాత్రం మనవారే.

దేశమంతటా తిరిగిన మరో సందేశం, ముస్లిములు కోట్ల సంఖ్యలో వ్యతిరేకించారు గనుక హిందువులు ఫలానా నంబరుకు మిస్డ్ కాల్ ఇచ్చి పౌరస్మృతిని బలపరచాలని చెప్పింది. ఆ నంబరు నిజానికి భారతీయ జనతా పార్టీ తన తొమ్మిదేళ్ళ పాలన ప్రచారానికి పెట్టుకొన్నది. ఇటువంటి నంబర్లతో తనకెట్టి సంబంధం లేదని చివరకు లా కమిషనే ప్రకటించవలసి వచ్చింది. 2020 జనవరిలో పౌరసత్వ సవరణ చట్టానికి మద్దతుగా అదే పార్టీ ఇచ్చిన నంబరును కొందరు ఉచిత నెట్‌ఫ్లిక్స్ ఆశ చూపి ప్రచారం చేయగా, అది శుద్ధ అబద్ధమని ఆ సంస్థే ఖండించింది.

ఇవి మన దేశపు మామూలు నంబర్లు. వీటివల్ల డబ్బు పోదు. మన నంబరూ, మన భయమూ మాత్రం అవతలివారికి తెలిసిపోతాయి. డబ్బు గుంజే మోసం వేరు. రాజకీయ కలకలం రేపే ఈమెయిలులోనో సందేశంలోనో ఒక విదేశీ నంబరు ఉంటుంది, లేదా ఒక్కసారి మోగి ఆగిపోయే ఫోను వస్తుంది. మనం తిరిగి చేస్తే నిమిషానికి భారీ రుసుము పడుతుంది. అందులో ఆ నంబరును అద్దెకు తీసుకొన్నవాడికి వాటా ముడుతుంది. అందుకే ఎంతసేపు మాట్లాడిస్తే వాడికంత లాభం. టాక్‌టైం లేని ప్రీపెయిడ్ వారికి నష్టం స్వల్పమే గాని, పోస్ట్‌పెయిడ్ వారికి బిల్లు చేతికి వచ్చాక గాని తెలియదు.

+91 కాని నంబరును నమ్మవద్దని చెప్పడం సులభం. కాని కొడుకు జిద్దాలోనో, అల్లుడు దుబాయిలోనో ఉన్న ఇల్లాలు +966నో +971నో చూసి ఎలా ఊరుకుంటుంది? ఆమె ఆందోళనే మోసగాడి పెట్టుబడి. పిల్లల నంబర్లను పేర్లతో ఫోనులో భద్రపరచి ఇవ్వడం ఇంట్లోని చదువుకున్న వారి బాధ్యత. అనుమానాస్పద కాల్స్‌ను సంచార్ సాథీలోని చక్షు విభాగంలో తెలుపవచ్చు. డబ్బు పోతే జాప్యం చేయక 1930కి ఫోను చేయాలి.

నేను ప్రభుత్వ కార్యాలయంలో దరఖాస్తులు అందుకొని ఇన్‌వార్డు నంబరు వేసిన గుమస్తాను. పేరు, ఊరు, సంతకం లేని కాగితాన్ని మా అధికారులు పక్కకు నెట్టేవారు. ఇక మిస్డ్ కాల్‌కు సంతకమెక్కడిది? లా కమిషన్ ఆనాడు అభిప్రాయాలు స్వీకరించినది తన వెబ్‌సైటు ద్వారా, ఈమెయిలు ద్వారా. గడువు ముగిశాక మా వీధిలో విచారించాను. మిస్డ్ కాల్ ఇచ్చామని చెప్పినవారు ఇంటింటా ఉన్నారు. అభిప్రాయం రాసి పంపినవారు వేళ్ళమీద లెక్కించదగినంత మంది. ఎందుకు రాయలేదని అడిగితే, “ఫోను చేశాం కదా భాయ్” అన్నారు.