ఆ చేప ఎప్పుడు చచ్చింది?

జూరాల ఆనకట్ట కాడైనా, బీచుపల్లి వంతెన పక్కనైనా, కొల్లాపూర్ దాటి సోమశిల ఒడ్డునైనా చేపలు కొనేవాళ్ల మాట ఒకటే: "ఐసువి వద్దు, ఏట్లోంచి ఇప్పుడే తీసినవి కావాలె." గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ అంతటా ఐసు చేపంటే నిల్వ చేపే. ఇంత గట్టిగా నాటుకున్న తప్పుడు లెక్క ఇంకోటి లేదు.

ఇప్పుడే తీశారు సరే, చచ్చిందెప్పుడు? సాయంత్రం పుట్టిలో వెళ్లి వల కట్టొస్తారు, తెల్లారి లాగుతారు. తొలిజాములో చిక్కిన రవ్వ గింజుకుని గింజుకుని వలలోనే చస్తుంది. అంత పెనుగులాడిన చేప త్వరగా బిగుసుకుంటుంది, త్వరగా మెత్తబడుతుంది. వెచ్చటి నీళ్లలో నాని, పుట్టి అడుగున ఎండకు పడి, గోనెసంచిలో బండెక్కి పొద్దెక్కాక మన చేతికొస్తుంది. అది తాజా! వల లాగగానే ఐసులో పెట్టింది మాత్రం పాతది!

గంటలకన్నా వేడే చేపను ఎక్కువ చెడగొడుతుంది. మొప్పల్లో, పేగుల్లో ఉండే బ్యాక్టీరియా 30 డిగ్రీల దగ్గర చెలరేగుతుంది, సున్నా దగ్గర మందగిస్తుంది. మన వెచ్చటి నీళ్ల సూక్ష్మజీవులకు చలి బొత్తిగా గిట్టదు. అందుకే చలిదేశాల చేపలకన్నా మన రవ్వ, బొచ్చె ఐసులో ఎక్కువ రోజులు నిలుస్తాయి. ఆకివీడు, భీమవరం చేపలు ఐసు పెట్టెల్లో హౌరా దాకా పోతున్నాయి. చేప రుచి బెంగాలీలకు మనం నేర్పాలా?

కిలో చేపను 30 నుంచి సున్నాకు దింపడానికి సుమారు 300 గ్రాముల ఐసు చాలు. ఎండ తినేదీ కలిపితే కిలోకు కిలో. నలగ్గొట్టి, పొరలు పొరలుగా వేసి, కరిగిన నీళ్లు పోయే దారి ఉంచాలి. పైన ఒక గడ్డ పెట్టి మూతేస్తే అడుగు చేపకు చల్లదనం అందదు.

అనుమానం ఊరికే పుట్టలేదు. 2018లో చేప చెడకుండా ఫార్మలిన్ రసాయనం కలుపుతున్నారన్న గొడవతో ఆంధ్రా చేపను అస్సాం కొన్నాళ్లు ఆపింది. ఫార్మలిన్ నేరాన్ని ఐసు మెడకు చుడితే ఎట్లా? చెడిపోవచ్చిన చేపను ఐసులో దాచే వ్యాపారులూ ఉన్నారు, నిజమే. ఐసు చెడును మందగింపజేస్తుంది గాని వెనక్కి తిప్పదు. ఐసు నీళ్లకు మొప్పలు పాలిపోతాయి కాబట్టి ఎరుపొక్కటే నమ్మొద్దు. వాసన చూడండి, వేలితో నొక్కండి. కొర్రమీను గాలి పీల్చి తొట్టిలో బతుకుతుంది, దాన్ని బతికుండగానే కొనండి. రవ్వనూ అట్లాగే అడిగితేనే చిక్కు.

ఐసు ఖర్చు పట్టేవాడిది, "ఐసుది" అని మనం కోసే ధరా అతనిదే. అలాంటప్పుడు పుట్టిలో ఐసు పెట్టె ఎవరు మోస్తారు?