777 అనే మంత్రం మనకొద్దు

మీలో కొందరు ఈపాటికి సొంతంగా ఒక వెబ్ పేజీ తయారుచేసే ఉంటారు. దాన్ని లినక్స్ ఉన్న కంప్యూటరులో ఒక ఫోల్డరులో పెట్టి, వెబ్ సర్వరుకు ఆ చోటు చూపించి, బ్రౌజరులో తెరిచారనుకోండి. పేజీకి బదులు "403 ఫర్‌బిడెన్" అని వచ్చింది. అంటే, ప్రవేశం లేదు పొమ్మన్నమాట. అసలు పేజీయే లేకపోతే వచ్చే అంకె 404. అది వేరు.

ఇలాంటప్పుడు అన్నీ తెలిసిన అన్నయ్య ఒకడు తప్పక ప్రత్యక్షమవుతాడు. "సీహెచ్‌మోడ్ 777 కొట్టు, పోతుంది" అంటాడు. చాలాసార్లు పోతుంది కూడా. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెడితే ఎలుకలు మాత్రం పోవూ?

ఇంతకీ ఏమిటీ 777? బెల్ లేబరేటరీస్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ 1969లో మొదలుపెట్టిన యూనిక్స్ నుంచి లినక్స్‌కు సంక్రమించిన పద్ధతి ఇది. ఒకే కంప్యూటరును ఎందరో పంచుకునే రోజులవి. ఒకరి ఫైలును మరొకరు చెరపకుండా చూడాలి కదా! అందుకని మనుషులను మూడు వరుసలు చేశారు: ఫైలు యజమాని, అతని బృందం, తక్కినవారు. చదవటానికి 4, రాయటానికి 2, నడపటానికి 1. వీటిని ఎలా కూడినా ఒక మొత్తానికి ఒకటే అర్థం. 6 అంటే చదవటం, రాయటం, మరొకటి కానేకాదు. కావాలంటే కాగితంమీద వేసి చూడండి. ఈ లెక్కన 644 అంటే యజమాని చదవొచ్చు, రాయొచ్చు. మిగతావాళ్లు చదవటం వరకే. వెబ్ పేజీకి ఇది చాలు. 777 అంటే అందరికీ అన్నీ.

"పేజీకి 644 ఇచ్చాను, అయినా 403 వస్తోందే!" అంటారా? ఇక్కడే అసలు కిటుకు ఉంది. పేజీని అడుగుతున్నది మీరు కాదు, సర్వరు. ఉబుంటులో అపాచీ సర్వరు "డబ్ల్యుడబ్ల్యుడబ్ల్యు-డేటా" అనే ఖాతా పేరుతో పేజీలు చదువుతుంది. మీ ఫైళ్లకు ఆ ఖాతా పరాయిది, తక్కినవారిలో ఒకటి. పైగా ఫోల్డరు విషయంలో 1కి అర్థం నడపటం కాదు, దాటి లోపలికి వెళ్లటం. 2021లో వచ్చిన ఉబుంటు 21.04 నుంచి, కొత్తగా ఏర్పడే ఖాతాల హోమ్ ఫోల్డర్లకు మామూలుగా 750 ఉంటుంది. చివర సున్నా చూశారా? గది తలుపు తెరిచే ఉంది, వీధి గేటుకు తాళం! అప్పుడు పేజీకి 777 ఇచ్చినా ఫలితం సున్నే. దాంతో అన్నయ్య రెచ్చిపోయి మొత్తం హోమ్ ఫోల్డరుకు 777 కొడతాడు. పేజీ వస్తుంది. కాని మీ రహస్య తాళంచెవి ఫైలు కూడా అందరికీ తెరుచుకోవటంతో, ఓపెన్ ఎస్‌ఎస్‌హెచ్ దాన్ని వాడనని మొరాయిస్తుంది.

ఇంట్లో ఒంటరిగా ఉన్న కంప్యూటరులో దీనివల్ల ప్రమాదం తక్కువే, ఒప్పుకుంటాను. కాని మీ బడి మార్కుల పేజీ పదిమంది పంచుకునే సర్వరుమీద ఉందనుకోండి. పక్క ఖాతాలోని పాత ప్రోగ్రాములో ఉన్న కంతగుండా ఒకడు దూరాడు. మీ ఫోల్డరు 777. ఇక మార్కులు దిద్దటానికి వాడికి అడ్డేముంది? పేజీకి ఒక్కదానికే 644 ఇచ్చి లాభంలేదు. ఫైలును తీసెయ్యటానికి కావలసింది ఫోల్డరులో రాసే అనుమతి. వాడు పాత పేజీ తీసేసి, అదే పేరుతో తనది పెడతాడు.

అందువల్ల 403 కనిపించగానే ముందు సర్వరు తప్పుల చిట్టా చదవండి. దారిలో ఎక్కడో దాటే అనుమతి లేకపోతే అపాచీ ఆ మాటే అందులో రాస్తుంది. ఎక్కడో తెలియాలంటే "నేమ్‌ఐ -ఎల్" అనే ఆదేశం తరువాత పేజీ పూర్తి చిరునామా ఇవ్వండి. మొదటి ఫోల్డరు నుంచి ఒక్కొక్క మెట్టు యజమానినీ, అనుమతులనూ వరసగా చూపిస్తుంది. హోమ్ ఫోల్డరే అడ్డమైతే దాన్ని అలాగే ఉండనిచ్చి, పేజీలనే "వార్" కింది "డబ్ల్యుడబ్ల్యుడబ్ల్యు" ఫోల్డరుకు మార్చటం మేలని నా అభిప్రాయం. అక్కడ ఫోల్డర్లకు 755, పేజీలకు 644 సరిపోతాయి.

అప్పటికీ 403 వస్తే సర్వరు సొంత నిబంధనలు చూడాలి. ఫెడోరా వాడేవారికి సెలినక్స్ అనే రెండో కావలివాడు కూడా ఉన్నాడు. 777 చూపించినా అతడు లెక్కచేయడు.