లారీ పొగగొట్టమునకు బోల్టులా, వెల్డింగా?

మన సంఘ లారీ పొగగొట్టము తుప్పుపట్టి చిల్లులు పడిన సంగతి సభ్యులందఱకును చెవులారా తెలిసినదే. రాబోవు సర్వసభ్య సమావేశమున దాని మరమ్మతు విషయము తీర్మానమునకు వచ్చును. పాత గొట్టమును కోసివేసి, సైలెన్సరు లేకుండ తిన్నని గొట్టమును వెల్డింగు చేయించినచో ఖర్చు తగ్గును, బండికి బలము హెచ్చును అని కొందఱి వాదము. కంపెనీ కొలతల గొట్టమును, సైలెన్సరును తెప్పించి బోల్టులతో బిగింపవలెనని మఱికొందఱి వాదము. మేము ఈ రెండవ పక్షమువారము. విత్తనము, ఎరువు చెప్పుకొనువారికి పొగగొట్టముతో పనియేమని నవ్వువారు నవ్వవచ్చును. పండిన ప్రత్తి మిల్లు చేరనప్పుడు మా మాటలు ఎవరికి కావలెను?

మందమర్రి బొగ్గుగనుల సీమ. ఇచ్చట వెల్డింగు తెలిసిన చేతులకు కొదవ లేదు. వారి పనితనమును మేము తక్కువ చేయుటలేదు. చిక్కు పనివానిలో లేదు, ఇనుములో నున్నది. ఇంజను నిలిచినంతసేపు చల్లబడి, నడిచినంతసేపు కాగి, గుంతల బాటలో అదురుచుండు గొట్టమునందు, అతుకు వేసిన చోటు గట్టిగానే యుండును. దాని ప్రక్కనున్న లోహము పెళుసెక్కి చీలును. ఇంజనుకును సైలెన్సరుకును నడుమ ఆ అదురును మ్రింగుటకై ముడుతల గొట్టము నొకటి అమర్చియుందురు. దానిని తీసివేసి తిన్నని గొట్టము నతికినచో అదురంతయు అతుకుపైననే పడును.

గడచిన ప్రత్తికాలమున మేము కన్నులార చూచినది చెప్పెదము. నిండు ప్రత్తితో జిన్నింగు మిల్లునకు పోవుచున్న ఒక బాడుగ లారీకి అతుకు చీలి, సెగ నేరుగా తొట్టి పలకల క్రిందికి కొట్టసాగెను. కమురు వాసన తగిలి డ్రైవరు ఆపినాడు గనుక సరిపోయినది. వెల్డింగు మిషను పిలిపింపవచ్చును. కాని ప్రత్తి క్రింద నిప్పురవ్వలు రాల్చుటకు తెగించువారెవరు? సరకంతయు రోడ్డు ప్రక్కకు దింపి, మరమ్మతు చేయించి, మరల నెక్కించునప్పటికి ప్రొద్దు గ్రుంకెను. అదే బోల్టుల అతుకైనచో, గొట్టము చల్లారిన పిమ్మట రెండు పానాలతో క్రొత్త గ్యాస్కెట్టు వేసి గంటలో కదలియుండెడివారు.

బోల్టులకును దోషము లేకపోలేదు. అవి వదులగును; ఏడాది తాకకున్నచో తుప్పుతో పట్టుకొని, విప్పబోగా విరుగును. బిగించునప్పుడు మరలకు రాగి కలిసిన గ్రీజు పూయవలెను, పక్షమున కొకసారి పానా తగిలింపవలెను. ఈ పని తనదని డ్రైవరు ఒప్పుకొననిచో మా వాదము సగము వీగిపోవును.

వెల్డింగును బొత్తిగా వలదనుట లేదు. గొట్టము చివరలకు ఫ్లాంజీలను షాపులోనే వెల్డింగు చేయించి, బండిమీద మాత్రము బోల్టులతో కలుపుట మిక్కిలి మేలైన పద్ధతి. బండిమీదనే చేయవలసివచ్చినచో ముందుగా బ్యాటరీ తీగలు ఊడదీయవలెను. జింకు పూసిన నీళ్ల గొట్టమును మాత్రము చవకయని తేరాదు; దానిని కాల్చినప్పుడు వచ్చు పొగ పీల్చినవానికి జ్వరము తగులును.

ఇక సైలెన్సరు తీసివేయు మాట. బండికి వచ్చెడి బలము చెప్పుకొనదగినది కాదు. వచ్చెడి మ్రోత మాత్రము చెప్పుకొనదగినదే. మన ఇండ్లలో ఒకరు పొలమున నుండగా ఒకరు గనిలో నుందురు. రాత్రి షిఫ్టు దిగి పగలు నిద్రించువాని గుమ్మము ముందు ఆ మ్రోత చేయుట న్యాయమా? చట్టమును ఒప్పదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను బండిని ఇష్టము వచ్చినట్లు మార్చుటను నిషేధించుచున్నది. 2019 సవరణ తరువాత, మ్రోతకును పొగకును సంబంధించిన నియమములు మీరినచో 190వ సెక్షను క్రింద మొదటి తప్పునకే పదివేల రూపాయల వఱకు జరిమానా గాని, మూడు మాసముల వఱకు ఖైదు గాని, రెండును గాని పడవచ్చును. లైసెన్సు నకును మూడు మాసములు ఎడబాటు. నడిపినవాడేగాక నడిపించినవారును బాధ్యులే.

మన లారీ పాతది. 2020 ఏప్రిల్ 1 నుండి అమలైన బి.ఎస్. 6 లారీ నెవరైన సభ్యులు కొనియున్నచో, దాని గొట్టము జోలికి వారు అసలే పోరాదు. అందులో మసిని పట్టు జల్లెడయు, నూటికి 32.5 పాళ్ల యూరియా ద్రవముతో పొగలోని విషమును విఱిచెడి యంత్రమును గలవు. పొలమునకు తెచ్చిన యూరియాను నీట కలిపి దానిలో పోయుదమని ఒక సభ్యుడు మమ్ము అడిగినాడు. అది పనికిరాదు, మన యూరియాకు వేపనూనె పూత యున్నది, యంత్రము చెడును.

సమావేశమునకు వచ్చువారు రెండు మార్గముల ధరలును వ్రాయించి తెచ్చినచో చర్చ త్వరగా తెగును. ప్రత్తి ఏరుట మొదలగులోగా బండి సిద్ధము కావలెను.