బెర్నాల్ మీద ఎంత ఆశ పెట్టుకోవచ్చు?

2022 జనవరి 24న కొలంబియాలో, బొగోటాకు దగ్గర్లోని రోడ్డు మీద సైక్లిస్టు ఇగాన్ బెర్నాల్ సాధన చేస్తున్నాడు. తొక్కుతున్నది టైమ్ ట్రయల్ సైకిల్. మోచేతులు హ్యాండిల్ మీద ఆనించి, తల బాగా దించి తొక్కాల్సిన బండి అది. సుమారు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్తూ ఆగి ఉన్న బస్సును వెనక నుంచి గుద్దేశాడు. వెన్నుపూసలు, తొడ ఎముక, మోకాలిచిప్ప, పక్కటెముకలు విరిగాయి. ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. నడుం కింద చచ్చుబడిపోయే ప్రమాదం దాదాపు 95 శాతం ఉండిందని తర్వాత అతనే చెప్పుకున్నాడు. అలాంటి మనిషి ఆ ఆగస్టుకల్లా డెన్మార్క్‌లో రేసు తొక్కాడు.

మళ్లీ సైకిలెక్కితే చాలని మొక్కుకున్న అభిమానులే, ఎక్కాక గెలవడేమని అడగడం మొదలుపెట్టారు. 2023 టూర్ డి ఫ్రాన్స్‌లో 36వ స్థానం, 2024లో 29వ స్థానం. ఇదే పోటీని 2019లో 22 ఏళ్లకే గెలిచినవాడు, 2021లో జిరో డి ఇటాలియా కూడా కొట్టినవాడు, గుంపులో ఎక్కడో కనిపిస్తే మనసు ఒప్పుకోదు.

వాళ్ల ఆశను అత్యాశని కొట్టిపారేయలేం. గ్రెగ్ లెమాండ్ సంగతి సైక్లింగ్ చూసేవాళ్లెవరూ మరిచిపోరు. 1987లో వేటకు వెళ్లి, బావమరిది తుపాకీ పొరపాటున పేలడంతో ఒళ్లంతా గుళ్లు దిగి చావు అంచుదాకా వెళ్లొచ్చాడు. 1989 టూర్ ఆఖరి రోజున 50 సెకన్ల వెనకబాటుతో బయల్దేరి, లారాన్ ఫిన్యోన్‌ను 8 సెకన్ల తేడాతో ఓడించాడు. అప్పుడతనికి 28 ఏళ్లు. ఇక కొలంబియా వాళ్ల బాధ వేరు. లూచో ఎరేరా 1984లో ఆల్ప్ ద్యుయెజ్ మీద గెలిచిన నాటి నుంచి టూర్ ముగిసేసరికి అందరికంటే ముందున్నవాడికి దక్కే పసుపు జెర్సీ కోసం కాచుకున్నారు. నైరో కింటానా రెండుసార్లు రెండో స్థానంలో ఆగిపోయాడు. తీరా తెచ్చిపెట్టింది బెర్నాల్. అతన్ని వదులుకోమంటే ఎలా?

కానీ లెమాండ్‌ను చూపించేవాళ్లు క్రిస్ ఫ్రూమ్ పేరెత్తరు. నాలుగు టూర్‌లు గెలిచిన ఫ్రూమ్ 2019లో గోడను గుద్దుకుని తొడ ఎముక విరగ్గొట్టుకున్నాడు. తిరిగొచ్చాక 2021 టూర్‌లో 133వ స్థానం. 2022లో ఆల్ప్ ద్యుయెజ్ మీద మూడోవాడిగా వచ్చిన ఒక్కరోజు తప్ప పాత ఫ్రూమ్ మళ్లీ కనిపించలేదు. మూడు వారాల పోటీలో 21 స్టేజ్‌లు. ఒక్కరోజు చూపిన సత్తువ మర్నాడు కొండ మీద ఉంటుందన్న భరోసా లేదు, విరిగి అతికిన ఒంటికి మరీను. పైగా బెర్నాల్ మంచంలో ఉన్న కాలంలో పోటీ ఆగలేదు. కొత్త ఛాంపియన్లు పొగాచార్, వింగెగార్డ్ పోటీపడి కొండలెక్కే వేగాన్ని ఎక్కడికో తీసుకుపోయారు. 2019 నాటి బెర్నాల్ చెక్కుచెదరకుండా తిరిగొచ్చినా వాళ్ల వెనకే ఉండేవాడేమో.

2025లో జిరోలో 7వ స్థానం దక్కింది. నా లెక్కలో తిరిగొచ్చాక అతను సాధించిన వాటిలో ఇదే గట్టిది. ఎందుకంటే మూడు వారాలూ నిలబడ్డాడు. అభిమానులు మాత్రం అదే ఏడాది స్పెయిన్ పోటీ వుయెల్టాలో 16వ స్టేజ్‌నే ఎక్కువ తలచుకుంటారు. నిరసనకారులు దారి అడ్డుకోవడంతో, గమ్యానికి 8 కిలోమీటర్ల ముందే గెలుపు గీత అని దారిలోనే ప్రకటించారు. అక్కడ మికెల్ లాండాను వెనక్కి నెట్టి బెర్నాల్ గెలిచాడు. చిత్రమేమిటంటే 2019లో పసుపు జెర్సీ దక్కిందీ ఇలా మధ్యలో ఆగిన రోజే. వడగళ్లు, విరిగిపడ్డ మట్టి దారి మూసేస్తే ఇజెరాన్ కనుమ మీది సమయాలనే లెక్కలోకి తీసుకున్నారు.

అభిమానులు ఆశించడం తప్పని నేననను. ఆటగాణ్ణి జాలితో చూడటం కంటే అదే మర్యాద. జట్టు అతనికి నాయకత్వం అప్పగించిన రోజున ప్రశ్నలూ అడగొచ్చు, జీతం తీసుకునేవాడు వాటికి తట్టుకోవాలి కూడా. అతన్ని సహాయకుడిగా పంపిన టూర్‌లో స్థానాలు లెక్కపెట్టి ఎత్తిపొడవడం మాత్రం అన్యాయం. స్టేజ్ గెలవమని అడగండి, కొండ మీద దాడి చేయమని అడగండి. పసుపు జెర్సీ తెమ్మని ఇకమీదట అడగడం నా దృష్టిలో న్యాయం కాదు.